వెలిగొండ లెక్క అడిగే ముందు చందాల లెక్క చూడాలి

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన పశ్చిమ ప్రకాశానికి వెలిగొండ వస్తుంది. ఓట్లు అయిపోగానే వెళ్లిపోతుంది. దోర్నాల నుంచి కొమరోలు దాకా, పొదిలి నుంచి అర్ధవీడు దాకా ఏ ఊళ్లో అడిగినా ఇదే మాట. శంకుస్థాపన రాయి పడింది 1996లో. ఆ రోజు నాన్న భుజాల మీద కూర్చుని సభ చూసిన పిల్లవాడికి ఇప్పుడు పిల్లలున్నారు. వాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో బేల్దారి పనిలో ఉన్నాడు. ఊళ్లో వాడి పొలంలో బోరు ఎండిపోయి ఉంది.

కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారు ఈ నీళ్ల కోసం జీవితమంతా కొట్లాడారు. ఆయన పేరే ప్రాజెక్టుకు పెట్టారు. 2004 తర్వాత జలయజ్ఞంలో పనులు మొదలయ్యాయి. కొల్లంవాగు దగ్గర నుంచి శ్రీశైలం వరద నీళ్లు 43.5 టీఎంసీలు రెండు సొరంగాల గుండా నల్లమల దాటించి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కట్టలు వేసి నల్లమల సాగర్‌లో నింపాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలి. 15 లక్షల మందికి పైగా తాగునీళ్లివ్వాలి. కాగితం మీద లెక్క ఇది. ఒక్కో సొరంగం దాదాపు 19 కిలోమీటర్లు. మొదటిది 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయన్నారు. 2024 మార్చి 6న, ఎన్నికల ముందు, అప్పటి ముఖ్యమంత్రి వచ్చి సొరంగాలను జాతికి అంకితం చేశారు. సొరంగాలు జాతికి దక్కాయి. నీళ్లు మాత్రం పొలానికి రాలేదు. నీళ్లు నిలవాల్సిన చోట ఊళ్లు ఇంకా ఉన్నాయి. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల జనం తమకు రావాల్సిన పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

ఈ సంగతులు మీకు కొత్త కాదు. వీటి మీద ఈ పత్రికలో ఎన్నోసార్లు రాశాం, ధర్నాలు చేశాం, వినతిపత్రాలు ఇచ్చాం. ఈసారి ఇంకో వైపు నుంచి చూద్దాం. మన ఓటుతో గెలిచినవాళ్లు మన మాట ఎందుకు వినరు? వాళ్లు వినే మాట ఇంకెవరిది? ఆ మాటకు అంత బలం ఎక్కడ నుంచి వచ్చింది? దీనికి కొంత జవాబు ఎన్నికల చందాల లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు పదిహేనేళ్ల కిందట అయితే మనబోటి వాళ్లకు అందేవి కావు. ఇప్పుడు కొన్ని అందుతున్నాయి. అందుకు కారణం సుప్రీంకోర్టు తీర్పు.

తలకు ఇరవై రూపాయలు

ముందు మన కళ్లెదుట జరిగేది చూద్దాం. అసెంబ్లీ అభ్యర్థి చట్ట ప్రకారం 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఎంపీ అభ్యర్థికి 95 లక్షలు. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ ఒక్కో నియోజకవర్గానికి రెండు లక్షలకు పైగా ఓటర్లున్నారు. 40 లక్షలను రెండు లక్షల మందికి పంచితే తలకు ఇరవై రూపాయలు. అంటే ఒక టీ, ఒక సమోసా. ఆ ఇరవై రూపాయల్లోనే జీపులు, మైకులు, జెండాలు, సభలు, భోజనాలు అన్నీ రావాలి. అలా వస్తున్నాయని నమ్మే ఓటరు మన దగ్గర ఒక్కడైనా ఉన్నాడా?

ఇంకో లెక్క. ఒక నియోజకవర్గంలో లక్ష మందికి వెయ్యి రూపాయల చొప్పున పంచితే పది కోట్లు. ఇది ఎవరో ఒక అభ్యర్థి పంచాడని చెప్పడం లేదు, వట్టి గుణింతం మాత్రమే. మీ వీధిలో ఎంత వచ్చిందో, ఎన్ని పార్టీల నుంచి వచ్చిందో మీకు తెలుసు. మీ లెక్క మీరే వేసుకోండి. అంత డబ్బు ఏ అభ్యర్థీ కంది పండించి సంపాదించలేదు.

అభ్యర్థి ఖర్చుకు హద్దు ఉంది. పార్టీ ఖర్చుకు చట్టంలో అసలు హద్దే లేదు. పార్టీకి డబ్బు కావాలి. ఎవరి దగ్గర నుంచి?

బాండ్ల కథ

2017కు ముందు ఒక కంపెనీ పార్టీలకు చందా ఇవ్వాలంటే దాని మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదు. ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో తన లెక్కల్లో చూపించాలి. 2017లో కేంద్ర ప్రభుత్వం ఆర్థిక బిల్లు పెట్టి ఈ రెండు కట్టుబాట్లూ తీసేసింది. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు. ఎవరికి ఇచ్చిందో చెప్పక్కర్లేదు. 2018 నుంచి ఎన్నికల బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీ చేతిలో పెడితే, పార్టీ పదిహేను రోజుల్లో దాన్ని నగదు చేసుకుంటుంది. కొన్నది ఎవరో ఓటరుకు తెలియదు. బ్యాంకుకు తెలుసు. బ్యాంకు ప్రభుత్వానిది.

మనం పంట రుణానికి స్టేట్ బ్యాంకుకు వెళ్తే పాసుపుస్తకం, అడంగలు, ఆధార్, నో డ్యూస్ అంటూ పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. కోట్ల రూపాయల బాండు కొన్నవాడి పేరు మాత్రం రహస్యం.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పార్టీలకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. డబ్బిచ్చినవాడికి పాలకుల దగ్గర ప్రవేశం దొరుకుతుంది, ఆ ప్రవేశం విధానాల మీద పలుకుబడిగా మారుతుంది, ఇచ్చిపుచ్చుకోవడాలకు దారి తీస్తుంది అని వివరించింది. కంపెనీ చందాలకు హద్దు తీసేసిన సవరణను కూడా కొట్టేసింది. పేర్లు బయటపెట్టడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. ఒక్క రోజులో ఇవ్వమంది. ఇచ్చారు. ఒక్క రోజులో అయ్యే పనికి మూడున్నర నెలలు ఎందుకు అడిగారో, ఆ మధ్యలో ఏ ఎన్నికలున్నాయో మనకు తెలుసు.

జాబితాలో కనిపించినవి

2018 మార్చి నుంచి 2024 జనవరి దాకా అమ్మిన బాండ్లు దాదాపు 16,518 కోట్ల రూపాయలు. పేర్లు బయటికి వచ్చినవి 2019 ఏప్రిల్ నుంచి మాత్రమే. ఆ లెక్కలో బీజేపీకి 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, పక్క రాష్ట్రంలో 2023 దాకా అధికారంలో ఉన్న బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు వచ్చాయి. మన రాష్ట్రంలో వైఎస్సార్‌ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు, జనసేనకు 21 కోట్లు. సీపీఐ, సీపీఎం బాండ్లు తీసుకోలేదు. కోర్టుకు వెళ్లినవాళ్లలో సీపీఎం కూడా ఉంది.

మేము నలుగురైదుగురం మార్కాపురంలో ఒక నెట్ సెంటర్‌లో ఈ జాబితాలు కాగితాల మీద తీయించుకుని కూర్చున్నాం. మాలో ఎవరూ పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. బాండ్లు కొన్నవాళ్లది ఒక జాబితా, నగదు చేసుకున్న పార్టీలది ఇంకో జాబితా. రెండింటినీ నంబర్లతో కలపాలి. పత్రికల వాళ్లు అప్పటికే కలిపి రాశారు. మేము చేసిందల్లా మనకు తెలిసిన పేర్ల కింద గీత గీయడం. గీతలు చాలానే పడ్డాయి.

అందరికంటే ఎక్కువ కొన్నది 1,368 కోట్లతో ఒక లాటరీ కంపెనీ. రెండో స్థానంలో హైదరాబాదు మేఘా ఇంజినీరింగ్. 966 కోట్లు. అందులో 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్‌ఎస్‌కు, 85 కోట్లు తమిళనాడులో డీఎంకేకు, 37 కోట్లు వైఎస్సార్‌ కాంగ్రెస్‌కు వెళ్లాయి. తెలుగుదేశానికి, కాంగ్రెస్‌కు, ఇంకా చిన్న పార్టీలకు మిగతాది.

ఈ పేరు దగ్గర మేము ఆగిపోయాం. మన వెలిగొండ రెండో సొరంగం పని వీళ్లదే. 2019లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండర్ పెట్టి, సుమారు 553 కోట్ల అంచనా ఉన్న మిగిలిన పనిని సుమారు 491 కోట్లకు ఈ కంపెనీకి ఇచ్చారు. అంతకుముందు ఆ పని రిత్విక్ ప్రాజెక్ట్స్ చేతిలో ఉండేది. ఆ సంస్థను స్థాపించినది సి.ఎం. రమేశ్ గారు. తెలుగుదేశం తరఫున రాజ్యసభకు వెళ్లి, 2019లో బీజేపీలో చేరి, 2024లో అనకాపల్లి ఎంపీ అయ్యారు. బాండ్ల జాబితాలో రిత్విక్ పేరు కూడా ఉంది. 45 కోట్లు.

అంటే ఒకే సొరంగంలో ఒకరి తర్వాత ఒకరు పని చేసిన రెండు సంస్థలూ జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం మారితే కాంట్రాక్టరు మారాడు. జాబితా నుంచి మాత్రం ఇద్దరిలో ఎవరూ తప్పిపోలేదు.

తొందరపడి మాట తూలకూడదు

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. చందా ఇచ్చారు కాబట్టి లంచం ఇచ్చినట్టే అని మనం అనలేం. బాండు కొనడం ఆ రోజు చట్టం ఒప్పుకున్న పనే. రివర్స్ టెండర్లో అంచనా కంటే తక్కువకే పని తీసుకున్నారు. మేఘా పెద్ద కంపెనీ, దేశమంతా పనులు చేస్తోంది. ఏ బాండు ఏ పనికి బదులు అని తేల్చే కాగితం మన చేతిలో లేదు. బాండ్ల మీద ప్రత్యేక దర్యాప్తు జరిపించాలని కొందరు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్తే 2024 ఆగస్టులో కోర్టు ఒప్పుకోలేదు. ఎవరి మీదైనా అనుమానం ఉంటే మామూలు చట్టాల కింద వెళ్లమంది.

కాబట్టి మనం అడిగేది 'ఎవరు దొంగ' అని కాదు. ఒక పెద్ద కాంట్రాక్టరు అధికారంలో ఉన్నవాళ్లకూ ఇస్తాడు, ప్రతిపక్షానికీ ఇస్తాడు, పక్క రాష్ట్రంలోనూ ఇస్తాడు. సిద్ధాంతం నచ్చి అన్ని పార్టీలకూ ఇచ్చేవాడు ఉండడు. రేపు ఎవరు గెలిచినా తన ఫోను ఎత్తాలని ఇస్తాడు. డబ్బు కొనేది ముందుగా ఆ ఫోనునే. మనం కలెక్టరాఫీసు గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడి ఇచ్చే వినతిపత్రానికీ, ఆ ఫోనుకూ మధ్య ఉన్న దూరమే మన గొడవ.

వెలిగొండ పనిని రెండు భాగాలుగా చూడండి. ఒకటి సొరంగం, యంత్రం, కాంక్రీటు. దీనికి బిల్లు ఉంటుంది, బిల్లు వెనకాల కంపెనీ ఉంటుంది, కంపెనీ వెనకాల చందా ఉంటుంది. రెండోది నిర్వాసితుల పరిహారం, ఇళ్ల స్థలాలు, చివరి భూముల దాకా పిల్లకాలువలు. దీని వెనకాల పెద్దారవీడు మండలంలో చెట్టు కింద కూర్చున్న రైతులు, కూలీలు ఉంటారు. వాళ్లు ఏ బాండూ కొనలేదు. సొరంగాలకు కూడా బిల్లులు ఆగిన రోజులున్నాయి, పనులు ఆగిన ఏళ్లున్నాయి, అది నిజమే. అయినా చివరికి పూర్తయింది ఏది, మిగిలిపోయింది ఏది? సొరంగం తవ్వి, ఊళ్లు ఖాళీ చేయించకుండా నీళ్లెలా నిలబెడతారని ఏ ఇంజినీరూ అడగలేదా? అడిగే ఉంటాడు. ఆ ప్రశ్నకు బలమిచ్చేవాళ్లు లేరు. ఇది మా అభిప్రాయం. కాదన్నవాళ్లు ఈ పత్రికకే రాయండి, వేస్తాం.

మన ఇంట్లో మాట

ఇతరులను అనే ముందు మన సంగతి కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా మండల మహాసభకు షామియానా, మధ్యాహ్నం భోజనాలు ఒక ఎరువుల డీలరు పెట్టించాడు. మేము అడగలేదు, ఆయనే ముందుకొచ్చాడు. రైతులకు సేవ అన్నాడు. సంతోషంగా తిన్నాం, వేదిక మీద శాలువా కూడా కప్పాం. ఆ ఖరీఫ్‌లో యూరియా కావాలంటే రైతుకు అక్కర్లేని మందు డబ్బా కూడా కొనాలని అదే కొట్టులో లింకు పెట్టారు. రైతులు మా దగ్గరికి వచ్చారు. వేరే కొట్టయితే మర్నాడే జెండాలు పట్టుకుని వెళ్లేవాళ్లం. అక్కడికి వెళ్లడానికి మాకు మూడు వారాలు పట్టింది. 'ఒకసారి పిలిచి మాట్లాడదాం' అన్నాం. 'ఆయన మంచోడే, పైనుంచి కంపెనీ ఒత్తిడి' అన్నాం. డీలరు మమ్మల్ని ఏమీ అడగలేదు. ఒక్క మాట కూడా అనలేదు. మా నోరే లేవలేదు.

మాలో పెద్దాయన ఒకరు అప్పుడు అన్నారు, 'అబ్బాయా, వాడు మనకు అన్నం పెట్టలేదురా, నోటికి తాళం పెట్టాడు' అని. ఆ సంవత్సరం నుంచి మహాసభకు ఇంటికి రెండు సేర్ల కందిపప్పో బియ్యమో తెచ్చుకుంటున్నాం. చందా రసీదు పుస్తకం సభలో చదివి వినిపిస్తున్నాం. ఆ మూడు వారాల్లో రైతులు కొన్న డబ్బాల డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఒక పూట భోజనానికే మా నోరు మూడు వారాలు లేవలేదు. 37 కోట్లు, 195 కోట్లు, 584 కోట్లు తీసుకున్నవాళ్ల నోరు ఎన్నాళ్లు లేవదో ఊహించుకోండి. ఎన్నికల ముందు రాత్రి మన ఇంటికి వచ్చే నోటు కూడా ఇలాంటిదే. అది తీసుకున్నాక ఐదేళ్లు ఎమ్మెల్యేని నిలదీయడానికి మనకు నోరు లేవదు. 'ఊరికే ఓటేశావా, డబ్బు తీసుకోలేదా' అని ఆయన మనుషులు అంటే తల దించుకుంటాం. పేదరికంలో తీసుకున్నవాళ్లను మేము తప్పు పట్టడం లేదు. కూలి దొరకని నెలలో వెయ్యి రూపాయలు ఎంత పెద్దవో మాకు తెలుసు. కానీ ఆ వెయ్యి ఎవరి చేతిలో నుంచి మొదలై మన చేతిలోకి వచ్చిందో తెలుసుకోవాలి. ఐదేళ్లకు లెక్కేస్తే రోజుకు రూపాయి కూడా కాదు. ఒక్కసారి బోరు దింపి చుక్క రాకపోతే పోయేది లక్షలు.

బాండ్లు పోయాయి, దారులు పోలేదు

బాండ్లు రద్దయ్యాయి కాబట్టి అంతా బాగుపడిందని అనుకోవద్దు. ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి. కంపెనీలు ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ట్రస్టుకు ఎవరిచ్చారో తెలుస్తుంది, ట్రస్టు ఎవరికిచ్చిందో తెలుస్తుంది. ఒక కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో మాత్రం చాలాసార్లు తేలదు. ఇరవై వేల రూపాయల లోపు చందాలకు పేరే చెప్పక్కర్లేదు. ఇక లెక్కలో లేని నోట్ల సంగతి ఏ కోర్టుకూ కనపడదు.

అయినా ఇంతకుముందు కంటే ఇప్పుడు మనం చూడగలిగినవి ఎక్కువ. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు అందులో ఉంటాయి. ప్రభుత్వంతో తనకు కాంట్రాక్టులుంటే అవీ రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పార్టీలు ఏటా ఇచ్చే చందాల నివేదికలూ అక్కడే ఉంటాయి. ప్రాజెక్టు పనుల జీవోలు, ఎవరికి ఎంతకు ఇచ్చారు, ఎంత చెల్లించారు అన్నవి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. రీల్స్ చూసే ఫోనులోనే ఇదీ చూడొచ్చు.

అందుకే మన సంఘం సభ్యులకు మా సూచనలు ఇవి.

ఒకటి. ప్రతి మండల కమిటీలో చదువుకున్న ఇద్దరు యువకులకు ఈ పని అప్పజెప్పండి. మన ఎమ్మెల్యే, ఎంపీల గత రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆస్తి ఎంత పెరిగింది, ఏ కంపెనీల్లో వాటాలున్నాయి అన్నది ఒక పేజీలో రాయించండి. ఏ పార్టీ వాళ్లదైనా ఒకే తీరున రాయాలి. మనకు నచ్చినవాళ్లను వదిలేస్తే మొత్తం పని చెడుతుంది.

రెండు. వెలిగొండలో ఏ పనికి ఎంత చెల్లించారు, నిర్వాసితులకు ఎంత చెల్లించారు, ఎంత బాకీ ఉంది అని ఏడాదివారీగా సమాచార హక్కు కింద అడుగుదాం. రెండు వరసలూ పక్కపక్కన ఈ పత్రికలోనే వేద్దాం.

మూడు. కాగితం లేకుండా ఎవరి మీదా ఆరోపణ చేయొద్దు. ఒక్క తప్పు లెక్క చెబితే తొంభై తొమ్మిది నిజాలు కొట్టుకుపోతాయి.

నాలుగు. మన సంఘం ఏ స్థాయిలోనూ డీలర్లు, విత్తన కంపెనీలు, కాంట్రాక్టర్లు, దళారుల దగ్గర చందా తీసుకోకూడదని తీర్మానం చేయాలి. ఇప్పటికే తీసుకున్న కమిటీలు ఉంటే సభలో చెప్పాలి. మేము చెప్పాం కదా.

ఐదు. ప్రభుత్వాన్ని అడగాల్సినవి: పార్టీ ఖర్చుకు కూడా హద్దు పెట్టాలి. ప్రభుత్వ పనులు చేసే కంపెనీలు పార్టీలకు చందాలు ఇవ్వడాన్ని నిషేధించాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టర్లు ఎన్నికల చందాలు ఇవ్వకూడదని దశాబ్దాలుగా చట్టం ఉంది. వాళ్ల దగ్గర డబ్బు వేరే దారుల్లో పోతూనే ఉంది, అది వేరే మాట. మనకు ఆ గీత కూడా లేదు.

కంభం చెరువు కట్ట మీద నిలబడితే రెండు కొండల మధ్య కట్టిన ఆ కట్ట ఎన్ని వందల ఏళ్లుగా నీళ్లు ఆపుతోందో తలుచుకుని ఆశ్చర్యం వేస్తుంది. ఆ రోజుల్లో రాజులను ఎవరూ లెక్క అడగలేరు. ఈ రోజు మనం అడగగలం. పైగా లెక్క అడగడం మన హక్కని దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు చెప్పింది. వచ్చే ఎన్నికల్లో వెలిగొండ మళ్లీ మన ఊళ్లకు వస్తుంది. అప్పుడు మైకు ముందు నిలబడిన ఆయనను 'నీళ్లెప్పుడొస్తాయి' అని మాత్రమే అడగొద్దు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర తయారుగా ఒక తేదీ ఉంటుంది. 'మీ చందాలు ఎక్కడ నుంచి వచ్చాయి, కలనూతల వాళ్లకు ఇవ్వాల్సింది ఎంత' అని కాగితం చూపించి అడగండి. ఆ కాగితం తయారు చేసే పని ఈ నెలలోనే మొదలుపెడదాం.